వరసలో చివరి మనిషి

మా గుంపులో ఆయన్ని అందరూ సాన బాబాయ్ అనేవాళ్ళు. అసలు పేరేమిటో నాకు రెండేళ్ళ దాకా తెలియదు, అడగాలని తోచనూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి నేనేదో పెద్ద దయగలదాన్నని ఎవరైనా అనుకుంటారేమోనని భయం. మందుల షాపులో కౌంటరు వెనక పదకొండేళ్ళుగా నిలబడుతున్నదాన్ని. ఎదుటి మనిషి మొహం కన్నా ముందు చేతిలో చీటీ చూడడం అలవాటైపోయింది.

బజారు వీధి చివర, తాళాలు బాగుచేసే కొట్టుకీ మేడమెట్లకీ మధ్య ఇరుక్కున్న సందులాంటి చోట ఆయన సానకొట్టు. దర్జీల కత్తెరలు, మంగళ్ళ కత్తులు, హోటలు వంటగదుల చాకులు, అన్నీ ఆయన చేతికే వచ్చేవి. మోటారుతో తిరిగే చక్రం ఒకటి ఉండేది. అది తిరుగుతున్నంతసేపూ ఆ కొట్లో ఎవరు నోరు తెరిచినా ఏమీ వినపడదు. అది ఆగేసరికి వచ్చిన మనిషి కత్తెర పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కొలువు అదే. రోజుకు నలభైమంది వచ్చిపోయేవాళ్ళు, నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళు లేరు.

కొట్టు మీదే గది. ఒకసారి మందులివ్వడానికి వెళ్ళి చూశాను. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కుర్చీ, రెండు కంచాలు. "ఒక్కరే కదా, రెండు కంచాలెందుకు బాబాయ్?" అని అడిగాను. "ఒకటి కడగడానికి బద్ధకం వేసిన రోజు రెండోది ఉంటుందిగా" అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఆయనా నవ్వాడు, కానీ నా కన్నా కాస్త ముందే ఆపేశాడు.

పెళ్ళి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లిని పద్నాలుగేళ్ళు చూసుకున్నాడు. సంబంధాలు తెచ్చేవాళ్ళు తెచ్చి తెచ్చి విసుగొచ్చి మానేశారు. ఆవిడ పోయేనాటికి ఈయనకు యాభై రెండు. చెల్లెలు ఒకామె వేరే ఊళ్ళో ఉంది. నెలకోసారి ఫోన్ చేసి, "బాగున్నావా అన్నయ్యా?" అంటుంది. "బాగున్నానమ్మా" అంటాడు ఈయన. అక్కడితో ఆ నెల బాంధవ్యం పూర్తవుతుంది.

ఇక మా గుంపు గురించి చెప్పాలి. ఊరి బయట ఎవరి సొంతమూ కాని పెద్ద ఉమ్మడి బీడు ఉంది. మేకలు మేస్తాయి, వాన పడితే ఒక వాగు పారుతుంది. ఎప్పుడో ఎవరో కంచె కోసమని తెచ్చి నాటిన పరాయి ముళ్ళపొద ఒకటి అందులో సగాన్ని మింగేసింది. దాని కింద గడ్డి మొలవదు, దాన్ని మేక ముట్టుకోదు. పైపైన నరికితే నెల తిరక్కుండా మళ్ళీ లేస్తుంది, వేరుతో సహా తవ్వి తీయాల్సిందే. దాని సంగతి తేల్చాలని కంకణం కట్టుకున్నది మా డ్రిల్లు మాస్టారు. హైస్కూల్లో పిల్లల్ని పరుగెత్తించే ఉద్యోగం ఆయనది. ఆదివారమైనా ఎవర్నో ఒకర్ని పరుగెత్తించకపోతే ఆయనకు అన్నం సయించదు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున్నే ఆరింటికి ఊరి అంచున వాడకంలో లేని పంపుగది దగ్గర కలవాలి. తలా ఒక పనిముట్టు తీసుకుని బీడు దాకా ఐదు కిలోమీటర్లు పరుగెత్తాలి, రెండు గంటలు పొదలు పీకాలి, మళ్ళీ పరుగెత్తి రావాలి. బుద్ధున్నవాడెవడైనా ఇందులో చేరతాడా అని మా ఆయన అడిగాడు. నేను చేరాను. కౌంటరు దగ్గర నిలబడీ నిలబడీ నా కాళ్ళు కొయ్యబారిపోతున్నాయని నా బాధ.

పనిముట్లు మొద్దుబారితే మాస్టారు సాన బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళేవాడు. మూడోసారి వెళ్ళినప్పుడు ఈయన చక్రం ఆపి, "ఇన్ని కొడవళ్ళతో ఏం చేస్తారు మాస్టారూ?" అని అడిగాడట. మాస్టారు అంతా చెప్పాడు. ఈయన మళ్ళీ చక్రం తిప్పి, మళ్ళీ ఆపి, "నన్నూ రమ్మంటారా?" అన్నాడట. అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్ళు. మొదటి ఆదివారం తోలు చెప్పులతోనే పరుగెత్తి, వేళ్ళన్నీ బొబ్బలెక్కించుకుని, మా అందరి కన్నా పావుగంట ఆలస్యంగా బీడు చేరాడు. ఆ రోజు ఆయన మొహంలో ఉన్న వెలుగు చూసి నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

ఆయన ఎప్పుడూ వెనకే కాబట్టి మాస్టారు ఆ పనికో పేరు పెట్టాడు. 'తోక' అంటే వరసలో చివర పరుగెత్తే మనిషి. ఎవరూ తన వెనక మిగిలిపోకుండా చూసుకోవాలి. కాలు పట్టేసినా, బూటు లేసు ఊడినా, ఊపిరందక కూర్చుండిపోయినా తోక ఆగాలి. బాబాయ్ ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, నాకు కడుపులో పోటొచ్చి గట్టు మీద కూలబడ్డ రోజున, పక్కనే నిలబడి, నాకు మొహమాటంగా ఉంటుందని అటు తిరిగి పిట్టల్ని చూస్తున్నట్టు నటించాడు. ఆ చుట్టుపక్కల ఒక్క పిట్ట కూడా లేదు.

పనిముట్ల లెక్క కూడా ఆయన పెట్టిందే. మొదట్లో ఒకరోజు ఎవరో కొడవలి పొదల్లో మర్చిపోయి వచ్చేశారు. అది తగిలి ఒక మేక కాలు తెగింది. మేకలామె పంపుగదికి వచ్చి మా అందరినీ దులిపేసింది. బాబాయ్ మూడు రోజులు వరసగా వెళ్ళి ఆ మేక కాలు కడిగి కట్టు కట్టి వచ్చాడు. ఆ తరవాత ప్రతి పనిముట్టుకీ నంబరు వేశాడు, పాత సైకిలు టైర్లు కోసి ఒరలు కుట్టాడు, పంపుగది గోడకి పద్నాలుగు మేకులు కొట్టాడు. మేము పద్నాలుగుమందిమి. తిరిగొచ్చాక ఎవరి పనిముట్టు వాళ్ళు మేకుకు తగిలించాలి. గోడ నిండితే మాస్టారు "అన్నీ వచ్చాయి" అని అరిచి తాళం వేస్తాడు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఎవరూ కదలకూడదు.

"మరి మనుషుల్ని కూడా లెక్కపెట్టుకోవద్దా?" అని మా గుంపులోని టైలరమ్మ అడిగింది.

"మనిషికి నోరుందిగా, పిలుస్తాడు. కొడవలి పిలవదు" అన్నాడు బాబాయ్. అందరం భలే చెప్పారన్నాం.

నాలుగేళ్ళు అలా గడిచాయి. బీడులో ఒక పక్క గడ్డి లేచింది. బాబాయ్ మోకాలు మాత్రం పాడైంది. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. నొప్పి బిళ్ళలూ పూత మందూ కొనడానికి నా కౌంటరుకే వచ్చేవాడు. మొదట నెలకోసారి, తరవాత వారానికోసారి.

"బాబాయ్, కొన్నాళ్ళు పరుగు ఆపండి" అన్నాను.

"ఆపితే ఏం చెయ్యనమ్మా ఆదివారం?"

"ఇంట్లో రెస్టు తీసుకోండి."

"సోమవారం నుంచి శనివారం దాకా చేసేది అదేగా" అన్నాడు. కొట్లో పొద్దస్తమానం పని చేసే మనిషి ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు నాకు ఎక్కలేదు. "మాస్టారుకి చెప్పకు తల్లీ. తెలిస్తే వద్దంటాడు. మంచికే అంటాడు, కానీ వద్దంటాడు" అని కూడా అన్నాడు. సరేనన్నాను. వెనక ఇంకో ముగ్గురు చీటీలు పట్టుకుని నిలబడ్డారు మరి.

ఆ ఆదివారం మేము వాగు అవతల పని చేశాం. ఎనిమిదిన్నరకు మాస్టారు ఈల ఊదాడు. అందరూ ఒరలు తొడిగి వరస కడుతున్నారు. బాబాయ్ నా దగ్గరికొచ్చి తన కొమ్మల కత్తెర అందించాడు. దాని నంబరు తొమ్మిది.

"ఇవాళ ఇది నువ్వు పట్టుకెళ్ళమ్మా. నేను నెమ్మదిగా వచ్చేస్తా."

"మోకాలా?"

"కొంచెం."

ఆ 'కొంచెం' ఎంతో కనుక్కోవలసింది మందుల షాపు దాన్నే. పదింటికి డ్యూటీ ఎక్కాలన్న తొందరలో ఉన్నాను. నా కొడవలి ఒక చేత్తో, ఆయన కత్తెర ఇంకో చేత్తో పట్టుకుని పరుగు తీశాను. పంపుగదికి చేరి నా కొడవలి నాలుగో మేకుకీ, కత్తెర తొమ్మిదో మేకుకీ తగిలించాను. గోడ నిండింది. "అన్నీ వచ్చాయి" అన్నాడు మాస్టారు. తాళం పడింది. అందరం చెదిరిపోయాం. మూల బల్ల మీద బాబాయ్ సంచీ ఉంది, అందులో ఆయన ఫోను, చొక్కా, గది తాళంచెవి ఉన్నాయి. ఎవరం చూడలేదు. మేము చూడడం నేర్చుకున్నది గోడ వైపే.

ఆయన వాగు దాటుతూ జారాడు. అరిగిన మోకాలు అడ్డంగా మెలిక పడింది. పిలిచాడు. చాలాసేపు పిలిచాడట. మేమంతా అప్పటికి రోడ్డెక్కేశాం. తోక పడిపోతే చూడడానికి తోక వెనక ఎవరుంటారు?

సాయంత్రం ఆరింటికి మా షాపు ముందు మేకలామె కనపడింది. కౌంటరు అద్దం మీద కర్రతో టకటకా కొట్టింది. ఆమె భుజం మీద చెయ్యేసి, ఒంటికాలి మీద, బనీనుతో, ఒళ్ళంతా మట్టితో బాబాయ్.

"ఈయన మీ మనిషేనా?" అంది.

"మా బాబాయే. ఏమైంది?"

"ఏమైందా? ఎండలో పడున్నాడు. మధ్యాన్నం నా మేక అరుస్తుంటే వెళ్ళి చూశా. అప్పటినుంచి నడిపించుకుంటూ ఇక్కడిదాకా తెచ్చా. గదికి తాళం అంట, చెవి ఇంకెక్కడో ఉందట. కత్తులు లెక్కపెట్టుకుంటారు, మనుషుల్ని లెక్కపెట్టుకోరా మీరు? సిగ్గుండక్కర్లా?"

కౌంటరు తలుపు తీసి ఆయన్ని లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. రెండు గ్లాసులు గుక్క తిప్పుకోకుండా తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూసి అడిగాడు.

"తొమ్మిదోది తగిలించావుగా అమ్మా?"

"తగిలించాను బాబాయ్."

"హమ్మయ్య" అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. నేను చచ్చినా కౌంటరు దగ్గర ఏడవను, ఆ రోజు ఏడ్చాను. షాపు ఓనరు చూసి, ఎవరైనా పోయారేమోనని కంగారుపడ్డాడు.

డాక్టరు మోకాలు నొక్కి చూసి, లోపల నరం తెగిందన్నాడు. పట్టీ వేసుకుని మెల్లగా నడవచ్చు, పరుగు సంగతి మాత్రం మర్చిపోండి అన్నాడు. బాబాయ్ ఆ గదిలోంచి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, "ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"ఎందుకు చెప్పకూడదు? తప్పు మాది."

"చెబితే పాపం అంటారు. పాపం అన్నాక ఇక రమ్మనరు. నెల రోజులాగితే సర్దుకుంటుంది, మళ్ళీ వచ్చేస్తా. అప్పటిదాకా ఊళ్ళో లేనని చెప్పు. నాకున్నది అదొక్కటేనమ్మా."

అంత ఖచ్చితంగా ఆయన తన గురించి మాట్లాడగా నేను అదే మొదటిసారి వినడం. మాట ఇచ్చాను.

తరవాతి ఆదివారం ఆయన రాలేదు. ఎవరూ అడగలేదు. ఆయన తొమ్మిదో నంబరు కత్తెరను ఎవరో తీసుకెళ్ళారు. ఆ పై ఆదివారమూ అంతే. తోక లేకుండానే వరస సాగిపోయింది. మూడో ఆదివారం బీడులో, మా గుంపులో బ్యాంకు ఉద్యోగం చేసే బ్యాంకాయన తన కొడవలి పైకెత్తి చూసి, విసుగ్గా, "ఏంటిది, ఇంత మొద్దుగా ఉంది! సాన బాబాయ్ ఏడీ, కనపడ్డం లేదే?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చిన మాట, ఆయన భయం, అన్నీ ఆ మంటలో కొట్టుకుపోయాయి.

"కొడవలి మొద్దుబారితే గుర్తొచ్చాడా మీకు?" అన్నాను. "మూడు వారాల కిందట ఆ వాగులో పడిపోయాడు. అరిచి అరిచి గొంతు పోయింది. మనం గోడ చూసుకుని ఇళ్ళకెళ్ళి టిఫిన్లు తిన్నాం. ఆయన కత్తెర తగిలించింది నేనే. ముందు నన్ను తిట్టండి, తరవాత మీరు తిట్టుకోండి."

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. మాస్టారు అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. పాతికేళ్ళుగా పిల్లల్ని వరసల్లో నిలబెట్టి హాజరు తీసుకునే మనిషి.

ఆ సాయంత్రమే పదమూడుమందిమీ సానకొట్టుకి వెళ్ళాం. లోపల పట్టేది ఇద్దరు. మిగతావాళ్ళం మెట్ల మీదా రోడ్డు మీదా నిలబడ్డాం. బాబాయ్ చక్రం ఆపి, గాభరాపడుతూ, ఉన్న ఒక్క స్టూలు టైలరమ్మకిచ్చి, అందరికీ టీ చెప్పమని పక్క కొట్టు అతన్ని బతిమాలాడు. నా వైపు ఒక్కసారే చూశాడు. చెప్పేశావా అన్నట్టుంది ఆ చూపు. నేను తల దించుకున్నాను.

మాస్టారు చేతులు జోడించాడు. "ఇక నుంచి మనుషుల్ని లెక్కపెడతాం బాబాయ్. పుస్తకం పెడుతున్నాం. వెళ్ళేటప్పుడొకసారి, వచ్చాకొకసారి. ఆ పుస్తకం, పంపుగది, పనిముట్లు, అన్నీ మీ చేతికే. మీరింక అడుగు కదపక్కర్లేదు. దర్జాగా కూర్చోండి, మేమొస్తాం, పోతాం."

అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కూడా నవ్వాడు. "అలాగేనండీ, మీ ఇష్టం" అన్నాడు. అంతమంది ప్రేమగా ఇస్తున్నదాన్ని వద్దనడం ఆయనకు చేతకాలేదు. పాపం అన్నాక రమ్మనరని ఆయన చెప్పిన మాట నాకు ఆ చప్పట్ల మధ్య గుర్తొచ్చింది. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఇలా జరిగేది. ఆరింటికి బాబాయ్ పనిముట్లు ఒక్కొక్కటే అందిస్తాడు, పుస్తకంలో పదమూడు అని రాస్తాడు. మేము పరుగు తీస్తాం. తొమ్మిదిన్నరకు తిరిగొస్తాం. ఆయన వేలితో ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టి మళ్ళీ పదమూడు అని రాస్తాడు. "అందరూ వచ్చారు" అని మాస్టారు అరుస్తాడు. లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఒక రోజు పుస్తకం తిప్పి చూసి, "మిమ్మల్ని వేసుకోలేదేం బాబాయ్?" అని అడిగాను.

"నేనెక్కడికీ వెళ్ళలేదుగా, రావడానికి" అన్నాడు.

మధ్యలో ఆ మూడున్నర గంటలూ ఏం చేస్తారని అడిగాను. ఆయన తొమ్మిదోదాంతో సహా పనిముట్లన్నీ మాతోనే వస్తాయి, తుడవడానికి కూడా ఏమీ మిగలదు. ఖాళీ మేకులూ, బల్లా, ఆయనా.

"కొట్లో అయితే చక్రం చప్పుడైనా ఉంటుందమ్మా" అన్నాడు. ఆ మాట మాస్టారుతో చెబుదామనుకున్నాను. ఆయన ఎంతో మురిపెంగా చేసిన ఏర్పాటు. చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను. మొహమాటం ఒక్కోసారి ఎంత పాడు పని చేస్తుందో నన్నడగండి, చెబుతాను.

అలా రెండు నెలలు అయ్యాక ఒక ఆదివారం పంపుగది తలుపు బార్లా తీసి ఉంది, బాబాయ్ లేడు. పనిముట్లు బల్ల మీద నంబర్ల వరసన పేర్చి ఉన్నాయి. పుస్తకం తెరిచి పెన్సిలు పెట్టి ఉంది. టీకి వెళ్ళుంటాడులే అనుకున్నాం. మాస్టారే పదమూడు అని రాసి, ఈల ఊదాడు.

పని ముగించుకుని తిరిగొస్తూ బీడు దాటి కొద్ది దూరమే వచ్చాం. ఎదురుగా, బండ్లు పోయే మట్టిరోడ్డు మా దారిలో కలిసే చోట, ఒక మనిషి కర్ర ఊతంతో వస్తున్నాడు. ఒక అడుగు వేసి, రెండో కాలు ఈడ్చి, మళ్ళీ అడుగు. బాబాయే. అది చుట్టుదారి, కానీ చదునుగా ఉంటుంది. తెల్లవారకముందే బయల్దేరి ఉంటాడు.

"ఎక్కడికి బాబాయ్?" అని మాస్టారు పరుగాపకుండానే కేకేశాడు.

"ఊరికే. గడ్డి ఎంత లేచిందో చూసొద్దామని. మీరు పదండి, ఎండెక్కుతోంది."

"జాగ్రత్త బాబాయ్!" అన్నారు ఒకరి తరవాత ఒకరు. పదమూడుమందిమీ ఆయన పక్కనుంచి పరుగెత్తుకుంటూ పోయాం. నేనూ పోయాను. దాహంగా ఉంది, వరస ఆగలేదు. ఇంతకు మించి సంజాయిషీ నా దగ్గర లేదు. ఆయన దారి ఇవ్వడానికి పక్కకి తొలిగి, మేమంతా దాటేదాకా ఆ కర్ర మీద ఒరిగి నిలబడ్డాడు.

పంపుగదికి చేరాం. పనిముట్లు మేకులకెక్కాయి. మాస్టారు తలలు లెక్కపెట్టి, పుస్తకంలో పదమూడు వేసి, "అందరూ వచ్చాం" అన్నాడు. చేతిలోకి తాళం తీసుకున్నాడు.

"వెయ్యకండి మాస్టారూ" అన్నాను. "ఇంకొకరు రావాలి."

"లెక్క సరిపోయిందమ్మా."

"బాబాయ్ బీడు మీద ఉన్నాడు."

"ఆయన పరుగుకి రాలేదుగా" అన్నాడు బ్యాంకాయన. "లెక్కలో లేడు."

"లెక్కలో లేడు, సరే. బీడు మీద ఉన్నాడా, లేడా?"

మాస్టారు తాళం చేతిలో పట్టుకుని దాని వంక చూశాడు. తరవాత దాన్ని బల్ల మీద పెట్టి, బూట్లు విప్పి, గుమ్మంలో కూర్చున్నాడు.

ఆయన నడకకి బీడు దాకా వెళ్ళి రావడమంటే తక్కువలో తక్కువ రెండు గంటలు. మొదటి పావుగంట అందరం ఉన్నాం. తరవాత ఒకరికి ఇంట్లో చుట్టాలు గుర్తొచ్చారు, ఒకరికి గ్యాసు బండ వస్తుంది, ఒకరికి పిల్లవాడి పరీక్ష. వెళ్ళేవాళ్ళెవర్నీ మాస్టారు ఆపలేదు. బ్యాంకాయన గంటసేపు ఉన్నాడు, అంతసేపు ఉంటాడని నేననుకోలేదు. చివరికి మాస్టారు, టైలరమ్మ, నేను మిగిలాం. నేను షాపుకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఓనరు అరుస్తుంటే ఫోన్ పెట్టేశాను.

ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఎదురుచూడడమంటే ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. మేము ముగ్గురం ఉండీ రెండు గంటలు గడవక ఊపిరాడలేదు. ఆయన రెండు నెలలుగా ప్రతి ఆదివారం, ఇదే గదిలో, ఒక్కడే మాకోసం ఇలా కూర్చున్నాడు. అంతకు ముందు వాగులో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. అప్పుడు కూడా మాకోసమే.

పదకొండున్నర దాటాక మలుపులో కర్ర కనపడింది, తరవాత మనిషి. చొక్కా తడిసి వంటికి అతుక్కుపోయింది. తల వంచుకుని, అడుగులు చూసుకుంటూ వస్తున్నాడు. పంపుగది చాలా దగ్గరికొచ్చాక తలెత్తాడు. గుమ్మంలో మేము ముగ్గురం, తెరిచి ఉన్న తలుపు. అక్కడే ఆగిపోయాడు.

"ఏమైంది? ఎవరు రాలేదు?" అన్నాడు.

మాస్టారు గుమ్మంలోంచి లేచాడు.

"ఎవరమ్మా మిగిలిపోయింది? దారిలో నాకెవరూ కనపడలేదే! వాగు దగ్గరేమో, అక్కడే జారుడుగా ఉంటుంది. ఉండండి, నేను చూసొస్తా" అంటూ కర్ర తిప్పి, వచ్చిన దారినే మళ్ళాడు. అప్పటికే నిలబడలేక ఆ కాలు వణుకుతోంది.

నేను పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "అందరూ వచ్చేశారు బాబాయ్. మీరే రాలేదు. మీ కోసమే కూర్చున్నాం."

"నా కోసమా?" అన్నాడు.

"మీ కోసమే."

ఆయన నా మొహం చూశాడు, గుమ్మంలో లేచి నిలబడ్డ మాస్టారుని చూశాడు. తరవాత మెల్లగా వెనక్కి తిరిగి, తన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మలుపు దాకా దారంతా మరోసారి చూశాడు.